ఒంటిగంట రీడింగు

జూన్ నెలలో పట్టపగలు ఏసీ ఆగిపోతే ఆ సంగతి ముందు చెవికి తెలుస్తుంది, తర్వాత ఒంటికి తెలుస్తుంది. కృపాబాయికి మాత్రం నిద్రలోనే తెలిసిపోయింది. కళ్లు తెరిచి ఫోన్ చూసుకుంటే పదకొండున్నర. రాత్రంతా ఐసీయూలో డ్యూటీ చేసి, ఎనిమిదిన్నరకు మంచమెక్కిన మనిషి. నిద్ర మూడు గంటలే. నల్లటి కర్టెన్ల వెనక ఒమన్‌లోని బౌషర్ ఎండ గోడలను కాలుస్తోంది. పది నిమిషాల్లో గది ఉడికిపోయింది.

"మళ్లీనా! ఈ నెలలో ఇది రెండోసారి," అని పైకే తిట్టుకుంటూ ఇమ్మానియేలుకి ఫోన్ చేసింది. స్విచాఫ్.

ఇమ్మానియేలు ఆ ఇంటికి ఓనరు కాదు. ఆ పాత విల్లాను అర్బాబ్ అని పిలిచే ఒమనీ యజమాని దగ్గర మొత్తంగా అద్దెకు తీసుకుని, జిప్సం షీట్లు అడ్డం పెట్టి మూడు పోర్షన్లు చేసి, ముగ్గురికి అద్దెకిచ్చిన పెద్దమనిషి. నీళ్ల ట్యాంకరు, గ్యాస్ సిలిండరు, కరెంటు, అన్నీ ఆయన చేతిమీదుగానే రావాలి. ఇంటికంతా కలిపి మీటరు ఒక్కటే, అదీ ప్రీపెయిడ్. ముగ్గురి దగ్గరా డబ్బు తీసుకుని ఆయన రీచార్జ్ చేయాలి. శుక్రవారం ఆరాధనలో ముందు వరుసలో కూర్చునే మనిషి కదా అని కృపాబాయి ఏనాడూ రసీదు అడగలేదు. అడిగితే మళ్లీ ప్రార్థన కూటంలో మొహం ఎలా చూసుకోవాలన్నది ఆవిడ మొహమాటం. ఆ మొహమాటానికి ఇప్పుడు చెమట రూపంలో చెల్లిస్తోంది.

మధ్యాహ్నం మూడున్నరకు గానీ కరెంటు రాలేదు. ఆరున్నరకు ఆవిడ మళ్లీ డ్యూటీకి బయల్దేరాలి.

ఆ సాయంత్రం డ్యూటీ ఎక్కి గంటయినా కాలేదు. మూడో బెడ్డు ముసలాయనకు ఇంజెక్షన్ ఇవ్వాలి. చిన్న ఆంప్యూల్ విరిచి, సిరంజిలోకి లాగి, బెడ్డు దగ్గరకు నడిచింది. పక్కనున్న మలయాళీ నర్సు మెల్లగా, "సిస్టర్, లేబుల్," అంది. చూస్తే అది పొటాషియం. అది నరంలోకి నేరుగా వెళ్లి ఉంటే ఆ ముసలాయన గుండె అక్కడికక్కడే ఆగిపోయేది. ఇరవై రెండేళ్ల సర్వీసు, పన్నెండేళ్లుగా ఒమన్. ఇలాంటి తప్పు ఎప్పుడూ చేయలేదు. బాత్రూమ్‌లోకి వెళ్లి మొహం కడుక్కుని, నిలబడే ఏడ్చింది. ఏడ్చి ఒక మాట గట్టిగా అనుకుంది: పగటి నిద్ర ఇక ఎవరి దయమీదా వదలను.

ఆ మాట అనుకున్న మూడో రోజునే ఆ నిద్రకు ఎసరొచ్చింది.

శుక్రవారం మధ్యాహ్నం ఇమ్మానియేలు అందర్నీ వరండాలో కూర్చోబెట్టాడు. తెల్లచొక్కా, చంకలో బైబిలు. మీటింగు మొదలు ప్రార్థనతో పెట్టాడు. పై పోర్షన్‌లో ఇద్దరు తమ్ముళ్లతో ఉండే అనీస్ నిజామాబాద్ ముస్లిం, పక్క పోర్షన్ జితేందర్, శ్రీలత జగిత్యాల హిందువులు. అయినా ముగ్గురూ మర్యాదగా తలలు వంచారు. ఆమెన్ అన్నాక ఆయన అసలు సంగతికి వచ్చాడు.

"సబ్సిడీ తీసేశాక మనబోటి బయటివాళ్లకి యూనిట్ రేటు ఎలా పెరుగుతుందో మీకు తెలవంది కాదు. మార్చిలో తలా ఇరవై రియాళ్లు వచ్చింది. ఇప్పుడు ముప్పై ఎనిమిది. నేను వేసే రీచార్జ్ వారం కూడా ఆగట్లా. నా దగ్గర ఇంకో మూడు విల్లాలున్నాయి, అన్నిచోట్లా ఇదే గోల. ఎంతని భరించను? ఈ ఇంట్లో పగలంతా ఏసీ నడిచేది ఒక్క పోర్షన్‌లోనే. నేను పేరు చెప్పను."

పేరు చెప్పనక్కర్లేదు, అందరూ అటే చూశారు.

సైట్‌లో ఎలక్ట్రికల్ హెల్పర్‌గా చేసే జితేందర్ తల గోక్కున్నాడు. "తప్పనుకోవద్దక్కా. నేను పొద్దుగాల ఆరింటికి వోతే మళ్ల ఆరింటికి అస్త. మా ఏసీ పొద్దంత బందే. గిట్ల అందరికి సమానంగ పంచుడేంది?"

"బురా మత్ మానో సిస్టర్," అన్నాడు అనీస్. "మా షాపుల ఏసీ లేదు. ఇంటికచ్చి వేరేటోళ్ల ఏసీకి పైసల్ గట్టాలంటే కడుపు మండుతది."

ఇమ్మానియేలు గొంతు తేనెలా చేసుకున్నాడు. "సిస్టర్, ఎనిమిది నుంచి ఐదు దాకా ఫ్యానుతో సర్దుకోండి. కుదరదంటే నెలాఖరుకి వేరేచోట చూసుకోండి. దేవుడు మీకు ఇంతకన్నా మంచి గది ఇస్తాడు."

దేవుడు ఇస్తాడేమో గానీ బౌషర్ ఇవ్వదు. హాస్పిటల్‌కి నడిచి వెళ్లే దూరంలో, ఒంటరి ఆడమనిషికి, ఈ అద్దెలో గది దొరకడం కల్ల. బెడ్ స్పేస్‌కి పోతే ఆరుగురి వంటలు, ఆరుగురి ఫోన్ల మధ్య పగలు కన్ను మూతపడదు. నిద్ర లేకపోతే మళ్లీ మూడో బెడ్డు. కృపాబాయికి ఒళ్లు మండిపోయింది.

"ఏవండీ ఇమ్మానియేలు గారూ, జ్వరం ఎందుకొచ్చిందో చూడకుండా మా ఆస్పత్రిలో మందు రాయరు. పది రోజులివ్వండి. ఈ ఇల్లు కరెంటు ఎక్కడ తింటుందో నేను చూపిస్తాను. తప్పు నా పోర్షన్‌లోనే ఉందని తేలితే, మీరు పొమ్మననక్కర్లేదు. నేనే సామాన్లు సర్దుకుంటాను."

ఆ చివరి మాట ఆవిడ కోపంలో అన్నది. గదిలోకి వచ్చి తలుపేసుకున్నాక, అనకుండా ఉండాల్సింది అనుకుంది కూడా. కానీ నలుగురిలో అన్న మాట, ఇక వెనక్కి తీసుకునేది కాదు.

మర్నాడు పొద్దున్నే మీటరు పెట్టె పక్కన ఒక చార్టు వెలిసింది. ఐసీయూలో రోగి మంచానికి వేలాడే చార్టు లాంటిదే, స్కేలుతో గీతలు కొట్టి, పైన తేదీ, పక్కన గంటలు. పొద్దున ఏడున్నర, మధ్యాహ్నం ఒంటిగంట, సాయంత్రం ఆరు: రోజుకు మూడుసార్లు మీటరు రీడింగు. కింద ఎవరి ఏసీ ఎన్నింటికి వేశారు, ఎన్నింటికి ఆపారు అన్నది ఎవరికి వాళ్లే రాయాలి. పెన్నును దారంతో కట్టేసింది, లేకపోతే అనీస్ తమ్ముళ్లు జేబులో వేసుకుపోతారని.

"సిస్టర్ మీటర్‌కి బీపీ చూస్తున్నరు," అని అనీస్ నవ్వాడు. "గోలీ ఏమన్న ఇస్తరా?"

"ముందు నువ్వు రాయి. గోలీ సంగతి తర్వాత," అంది ఆవిడ.

పొద్దున, సాయంత్రం రీడింగులతో ఇబ్బంది లేదు, డ్యూటీకి వెళ్తూ వస్తూ తీసుకుంటుంది. చంపేది ఒంటిగంట రీడింగు. మంచి నిద్ర మధ్యలో అలారం మోగాలి, ఆవిడ లేవాలి, నైటీమీద చున్నీ వేసుకుని కాలే సిమెంటు మీద గేటు దాకా వెళ్లి అంకె రాసి రావాలి. మళ్లీ పడుకుంటే నిద్ర పట్టడానికి గంట. నిద్ర కాపాడుకోవడానికి నిద్రే పాడుచేసుకుంటున్నానని నవ్వొచ్చింది. కానీ నర్సు అన్నాక చార్టులో గడి ఖాళీగా వదలదు.

మూడో రోజుకే చార్టు ఒక నిజం కక్కింది. కుట్టు షాపులో పనిచేసే శ్రీలత ఒంటిగంటకు షాపు మూశాక ఇంటికొచ్చి, నాలుగు దాకా ఏసీ వేసుకుని పడుకుంటోంది. పొద్దంతా బందే అన్న జితేందర్ ఆ గడి చూసి భార్యవంక చూశాడు. "గంత ఎండల ఎట్ల పంటరు మరి?" అని ఆమె ఎదురు తిరిగింది.

కృపాబాయి దాన్ని పట్టుకుని సాధించలేదు. ఆవిడకు కావాల్సింది అది కాదు. నాలుగో రోజు, ఐదో రోజు తన ఏసీ పూర్తిగా ఆపేసి, తడి దుప్పటి కప్పుకుని పడుకుంది. నిద్రని పేరే గానీ పట్టిందెక్కడ! ఆ రెండు రోజులూ డ్యూటీలో ప్రతి లేబులూ మూడుసార్లు చదివి, పక్క నర్సుకు చూపించి గానీ ఇంజెక్షన్ ముట్టుకోలేదు. కానీ చార్టులో తేడా కనబడింది. పొద్దున ఏడున్నర నుంచి ఒంటిగంట దాకా ఇంట్లో ఆవిడ తప్ప ఎవరూ లేరు, ఆవిడ ఏసీ కూడా లేదు. అయినా మీటరు గంటకు రెండు యూనిట్లు చొప్పున మింగుతోంది. మూడు ఫ్రిజ్‌లూ కలిపినా అంత మింగవు.

ఆ సాయంత్రం బట్టలు తీసుకోవడానికి వెనక్కి వెళ్తే శ్రీలత ఏసీ పైపుల కింద బకెట్లు సర్దుతోంది. గది తుడవడానికి ఆ నీళ్లే వాడుతుంది, ట్యాంకరు నీళ్లు ఊరికే పారబోయదు. కృపాబాయి మొహం చూసి ఆమెకే జాలేసింది.

"గా కుళాయి నీళ్లతోని ఎట్ల తానం జేస్తున్నరక్కా, సలసల కాగుతుంటయి? గీజర్ బంద్ జేసి, దాండ్ల నిలువున్న నీళ్లు వాడుకోరాదు? మేం గట్లనే జేస్తం."

ఇక్కడ ఎండాకాలం అందరూ చేసే పనే అది. మేడమీది ట్యాంకులో నీళ్లు ఎండకు మరుగుతుంటాయి. గీజరు ఆపేస్తే లోపల నిలిచిన నీళ్లు చల్లారతాయి. అప్పుడు వేడి కుళాయిలో చల్లటి నీళ్లు, చల్లని కుళాయిలో వేడినీళ్లు.

"నాది పాడైపోయిందన్నాడమ్మా ఇమ్మానియేలు. మార్చిలో నేను దిగినప్పుడే, ఆ కుళాయి తిప్పకండి లీకవుద్ది అన్నాడు. నా పోర్షన్‌లో దానికి స్విచ్చు కూడా లేదు," అంది కృపాబాయి. అంతటితో ఆ మాట మర్చిపోయింది.

శుక్రవారం పొద్దున ఎనిమిదింటికి ఆవిడ అందర్నీ గేటు దగ్గరకు పిలిచింది. "ఒక్క గంట. అన్నీ ఆపేయండి. ఏసీలు, ఫ్యాన్లు, ఫ్రిజ్‌లు, ఫోన్ చార్జర్లు కూడా."

"ఫ్రిజ్‌ల చేపలున్నయి సిస్టర్!" అనీస్ గుండెమీద చెయ్యేసుకున్నాడు.

"గంటలో నీ చేపలు లేచి ఈదవులే. ఆపు."

నవ్వుకుంటూ ఆపారు. ఇల్లంతా ఎప్పుడూ లేనంత నిశ్శబ్దం. కృపాబాయి రీడింగు రాసింది. ముప్పావుగంట అయ్యేసరికి యూనిట్ పైన తిరిగిపోయింది. జితేందర్ దగ్గరికొచ్చి అంకె చూసి, ఈసారి నవ్వలేదు.

"అన్ని బందే ఉన్నయి గదా! ఇదెటు వోతున్నదక్కా?"

అతను వైర్లు చూస్తానని లోపలికి వెళ్లాడు. కృపాబాయి ఇంటి చుట్టూ నడవడం మొదలుపెట్టింది. రోగి ఏమీ చెప్పలేనప్పుడు తల నుంచి పాదం దాకా చూసుకుంటూ పోవాలని ఆవిడకు గుంటూరులో నేర్పారు. వెనకవైపు గోడ కింద శ్రీలత బకెట్లు వరసగా ఉన్నాయి. ఆవిడ అలవాటుగా లెక్కపెట్టింది. ఐదు. ఇంట్లో ఏసీలు నాలుగే.

ఏసీలు ఆపి ముప్పావుగంట దాటింది. నాలుగు పైపులూ ఎండిపోయాయి. ఐదో పైపు నుంచి మాత్రం చుక్క తర్వాత చుక్క పడుతూనే ఉంది. నుదుటిమీద పెట్టినట్టు చెయ్యి మెల్లగా ఆ నీళ్లలో పెట్టి, చటుక్కున లాగేసుకుంది. కాలుతోంది. ఇటువైపు ఇంకా ఎండే పడలేదు.

తల పైకెత్తి పైపును పట్టుకుని చూస్తూ పోయింది. అది గోడ వెంట ఎక్కి, చిన్న కిటికీ పక్కనుంచి లోపలికి పోయింది. కిటికీ చువ్వకు ఆరేసిన తువ్వాలు తనదే. అది తన బాత్రూమ్.

కృపాబాయి పరుగున లోపలికి వెళ్లి, మూడు నెలలుగా ముట్టుకోని ఆ కుళాయి తిప్పింది. బుస్సుమని ఆవిరి, వెనకే మరిగిన నీళ్లు. పాడైపోయిందన్న గీజరు బతికే ఉంది. మార్చి నుంచి రాత్రీ పగలూ ఆగకుండా కాగుతోంది, పొంగిన నీళ్లను వెనక పైపులోంచి కక్కుతోంది. ఆ నీళ్లతోనే శ్రీలత గది తుడుచుకుంటోంది.

కుళాయి కట్టేసి, తలుపుకు ఆనుకుని నిలబడింది. ఇది ఎవరికీ తెలియదు. మెల్లగా ఒక ప్లంబరును పిలిపించి సరిచేయించుకుంటే బిల్లు దానంతటదే దిగుతుంది. ఏమీ దొరకలేదని చెబితే సరిపోతుంది. చెబితే మాత్రం పోయేది ఈ గది, ఈ కర్టెన్లు, ఈ నిద్ర. అన్న మాట నలుగురూ విన్నారు. రెండు నిమిషాలు అలా నిలబడి, మనసులో తనమీద తనే అసహ్యపడింది. ఆ రోజు సిరంజి సింకులో పోసేసి ఊరుకోలేదు. రిపోర్టు తనే రాసింది, పొటాషియం పేరుతో సహా. ఇప్పుడు గీజరు దగ్గర దొంగతనమా?

బయటికి వచ్చి దారానికున్న పెన్ను తీసుకుంది. చార్టులో, 8:50, నా బాత్రూమ్ గీజరు, అని రాసింది. రాసి, అందర్నీ పిలిచి, గట్టిగా చదివింది.

అనీస్ చార్టు మీదికి వంగి చూశాడు. "మీదే అని మీరే రాసుకుంటిరేంది సిస్టర్? చుప్‌చాప్ బంద్ చేసుకుంటే ఎవనికి ఎరుక?"

"చార్టు దిద్దితే రోగి చస్తాడు బాబూ," అంది కృపాబాయి. తల దించలేదు. "నెలాఖరుకి ఖాళీ చేస్తాను."

"ఆగున్రి అక్కా," జితేందర్ అందర్నీ వెంటబెట్టుకుని ఆవిడ బాత్రూమ్‌లోకి వెళ్లి, స్టూలెక్కి సీలింగు షీటు తోశాడు. "గీజర్ మీ దిక్కున్నది సరే. స్విచ్చేది? వైరు పార్టిషన్ల కెల్లి మా కిచెన్లకే వోతున్నది."

శ్రీలత తమ పోర్షన్‌లోకి పరుగెత్తింది. వాళ్ల వంటింట్లో షాపువాళ్లిచ్చిన పెద్ద క్యాలెండరు వేలాడుతోంది. దాన్ని పక్కకు జరిపింది. వెనక ఒక స్విచ్చు, దానిమీద ఎర్రటి చిన్న లైటు వెలుగుతోంది.

"మార్చిల మేం దిగిన దినమే వేసి చూసినక్కా. ఏం నడ్వలే. మల్ల తీస్తే ఏమన్న కరాబయితదేమోనని గట్లనే ఉంచి క్యాలెండర్ తగిలిచ్చిన," అంది ఏడుపు గొంతుతో.

కథ తేలిపోయింది. ఒక గదిని రెండు చేయడానికి ఇమ్మానియేలు షీటు నిలబెట్టినప్పుడు బాత్రూమ్ ఒకరికీ, దాని స్విచ్చు ఇంకొకరికీ పోయింది. బాత్రూమ్ వైపు స్విచ్చు కనబడలేదు గనక గీజరు చచ్చిందని ఆయన తేల్చేశాడు. జితేందర్ స్విచ్చు ఆపాడు. గేటు దగ్గర మీటరు మీద, కరెంటు వాడినంతసేపూ ఎర్రగా మిణుకుతుండే చుక్క నిలిచిపోయింది. అనీస్ చేపల సంగతి మర్చిపోయి చప్పట్లు కొట్టాడు.

పన్నెండున్నరకు ఇమ్మానియేలు ఆరాధన నుంచి వచ్చాడు. అంతా విని, ఐదో బకెట్టు చూసి, వరండా మెట్టుమీద కూలబడ్డాడు. ఆవేళ ప్రార్థన చేద్దామనలేదు.

"నేను కావాలని చేసింది కాదు సిస్టర్. దేవుడికి తెలుసు."

"తెలుసండి. మీటరు నంబరు, రీచార్జ్ చేసే అకౌంటు మాకు ఇచ్చేయండి. ఇకమీద కరెంటు మేమే కట్టుకుంటాం. మీకు అద్దె ఒక్కటే."

"అంటే నామీద నమ్మకం లేదా? ఒకే కూటంలో మోకరించే వాళ్లం."

"ఆ రోజు మా కరెంటు ఎందుకు పోయిందో చెప్పండి మరి."

ఆయన చాలాసేపు బైబిలు అట్ట గోకాడు. చివరికి నేలచూపులు చూస్తూ చెప్పేశాడు. రెండు విల్లాలు ఖాళీ అయిపోయాయి. వాటి అద్దె అర్బాబ్‌కి కట్టాలి. ఈ ఇంటి కరెంటు డబ్బు అక్కడ పెట్టి, అక్కడిది ఇక్కడ పెట్టి నెట్టుకొస్తున్నాడు. ఎక్కడో ఒకచోట రోజూ దీపం ఆరుతోంది. "ఫోన్ తీయాలంటే భయమేసి ఆపుకుంటున్నా," అన్నాడు. కృపాబాయికి ఆయనమీద జాలి కలిగింది. జాలి కలిగినా చాచిన చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు. ఆయన ఫోన్ తీసి, మీటరు నంబరు చదివాడు. ముగ్గురూ ఎవరి ఫోన్లో వాళ్లు ఎక్కించుకున్నారు.

"ఇగ నేను చెప్పేది ఒకటుంది," అని శ్రీలత లేచింది. నేరుగా చార్టు దగ్గరకు వెళ్లి, కృపాబాయి రాసిన గీత కిందనే, స్విచ్చు మా కిచెన్‌ల, అని రాసి సంతకం పెట్టింది. "అక్క పోతే నేను గూడ పోవాలె. ఇద్దరం పోతే ఈ బిల్లు అనీస్ అన్న ఒక్కడే గడ్తడు."

"అరే బాప్ రే! ఎవరు పోవద్దు," అన్నాడు అనీస్ రెండు చేతులూ ఎత్తి. జితేందర్ కృపాబాయి వైపు చూడకుండానే, "ఆ మాట ఇడిసిపెట్టుండ్రి అక్కా. పగటీలి ఏసీ వేసుకోండ్రి," అన్నాడు. ఆవిడ కళ్లు తుడుచుకుని, పొద్దున్నుంచీ ఆపే ఉన్నాయి, ముందు ఫ్రిజ్‌లు వేసుకోండి అంది.

శనివారం పొద్దున డ్యూటీ దిగి వచ్చి, ఏడున్నర రీడింగు రాసి, కర్టెన్లు లాగి పడుకుంది. అలారం పెట్టిందో లేదో గుర్తులేదు. కళ్లు తెరిచేసరికి ఏసీ నడుస్తూనే ఉంది, గది చల్లగా ఉంది, ఫోన్‌లో ఐదు దాటింది. ఒంటిగంట రీడింగు పోయింది. చున్నీ అందుకుని చెప్పుల్లేకుండానే గేటు దాకా పరుగెత్తింది.

ఒంటిగంట గడిలో అంకె ఉంది. చేతిరాత శ్రీలతది.